ఒలికింది తుడవని టటిల్ గారు

ఆంబ్రోస్ టటిల్ గారు ఒలికినదాన్ని తుడవరు.

కాఫీ కావచ్చు, సిరా కావచ్చు, సూపు కావచ్చు, ఏది ఒలికినా ఆయన పద్ధతి ఒకటే. ముందు రెండు చేతులూ పైకెత్తి, "ఎవరూ ముట్టుకోకండి," అంటారు. తరవాత సొరుగులోంచి సిరా అద్దే బ్లాటింగ్ పేపరు తీసి, సన్నగా చింపి, ఆ ముక్కల్ని చుట్టలు చుట్టి, ఒలికినదాని చుట్టూ గట్టు కడతారు. అప్పుడు కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుని, అది ఎండేదాకా దానివైపే చూస్తూ ఉంటారు. ఈలోగా పాపం మంచి బుద్ధితో ఎవరైనా గుడ్డ పట్టుకొచ్చారో, వాళ్ళ పని అయిందే.

"తుడిస్తే ఏమవుతుందండీ? పాకుతుంది. ఇంతది అంతవుతుంది. గుడ్డకి అంటుతుంది, చేతికి అంటుతుంది, చొక్కాకి అంటుతుంది. అదే గట్టు కట్టి వదిలెయ్యండి. ఎటూ పోలేక తనలో తనే ఎండి ఊరుకుంటుంది."

ఇలాంటి మనిషిని ఏ హోటల్లోనూ రెండో రోజు పనిలో ఉంచరు. వాషింగ్టన్‌లో మాత్రం, విదేశీ వ్యవహారాలు చూసే ఒక ఆఫీసు మూడో అంతస్తులో, రష్యా విభాగానికి పెద్దగా కూర్చోబెట్టారు.

లీడియా హ్రబ్కో ఆ విభాగంలో అనువాదకురాలు. పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊరి పిల్ల. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడే భాష రష్యనుకి దగ్గరి చుట్టం, మిగతాది కాలేజీలో నేర్చుకుంది. మాస్కో పత్రికలు చదివి, వాటిలో ఉన్న తిట్లను మర్యాదైన ఇంగ్లీషులోకి దించడం ఆమె ఉద్యోగం. రెండో ప్రపంచ యుద్ధం జరిగినన్నాళ్ళూ రష్యావాళ్ళు మనవాళ్ళు కాబట్టి తిట్లు తక్కువ, పనీ తక్కువ. యుద్ధం అయిపోయాక చేరిన ఆమెకి ఊపిరాడలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే లీడియా ఒక ఘనకార్యం చేసింది. భోజనం వేళ ఒక చేతిలో అనువాదం, ఒక చేతిలో అమ్మ నేర్పిన బీట్‌రూట్ సూపు గిన్నె పట్టుకుని టటిల్ గారి గదిలోకి వెళ్ళింది. ఇవ్వాల్సిన చెయ్యి ఒకటైతే చాచిన చెయ్యి ఇంకొకటి. ఎర్రటి సూపు బల్ల మీద పరుచుకుంది. ఉద్యోగం ఊడిందనుకుని కళ్ళనీళ్ళతో రుమాలు తీసింది.

"ముట్టుకోకండి," అన్నారు టటిల్ గారు. ఆ గొంతులో కోపం లేదు, ఆశ ఉంది. గట్టు కట్టి, కుర్చీ చూపించి, "కూర్చోండి. బీట్‌రూట్ నేనెప్పుడూ చూడలేదు. ఎలా ఎండుతుందో చూద్దాం," అన్నారు.

ఇద్దరూ కూర్చుని చూశారు. ఎండాక గట్టు తీసేస్తే గుండ్రటి ఎర్ర మచ్చ మిగిలింది. అప్పటికే ఆ బల్ల మీద అలాంటివి బోలెడున్నాయి. నల్లటిది యుద్ధం మొదలైన ఏటి సిరా. గోధుమ రంగుది అణుబాంబు వార్త వచ్చిన రోజు కాఫీ.

"ఆ బల్ల ప్రపంచ పటం లాంటిదే అమ్మాయ్," అంది బయట గదిలో కూర్చునే టైపిస్టు బర్తా ఓగల్స్‌బీ. "ఇరవై ఏళ్ళుగా ఉన్నాను, నాకింకా అందులో చోటు దొరకలేదు. నువ్వు వారంలో ఒక దేశం సంపాదించావు."

ఇంటి దగ్గరా ఆయన అంతే. థాంక్స్‌గివింగ్ పండక్కి ఊరెళ్ళలేని లీడియాని భోజనానికి పిలిచారు. పళ్ళెంలో మెత్తగా మెదిపిన బంగాళాదుంపతో ముందు గోడ కట్టి, ఆ తరవాతే గ్రేవీ పోయించుకున్నారు. గోడకి బీట వస్తే భోజనం ఆపి మరమ్మతు చేశారు. పెరట్లో మోకాళ్ళెత్తు ఇటుక గోడ గుండ్రంగా కట్టి ఉంది. లోపల కలుపు గడ్డి మనిషెత్తు పెరిగి గాలికి ఊగుతోంది.

"పీకెయ్యొచ్చు కదండీ?" అంది లీడియా.

"పీకితే వేరు తెగి పదిచోట్ల మొలుస్తుంది. లోపల్లోపల కొట్టుకుని అదే చస్తుంది."

"ఎప్పుడు చస్తుంది, ఆంబ్రోస్?" అని అడిగింది ఆయన భార్య వినిఫ్రెడ్, పళ్ళేలు తీస్తూ. "పెళ్ళయిన దగ్గర్నుంచి వింటున్నాను. ఈ ఇంట్లో ఒక గది చెదలకి ఇచ్చేశాం, ఒక గది ఎలకలకి ఇచ్చేశాం. ఇంకొక్కటి ఏదైనా వచ్చిందంటే ఆ గోడలో మనం కూర్చోవాలి."

టటిల్ గారు గ్రేవీ వైపు ఓ కన్నేసి ఉంచారు.

ఇలాంటి మనిషి అలవాటు ఒక దేశం విధానమైపోయింది. చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. వాటిలో పెద్దపెద్ద పేర్లున్నాయి, ఆ పేర్లవాళ్ళు రాసిన పెద్దపెద్ద వ్యాసాలున్నాయి. అవన్నీ నిజమే కావచ్చు. మూడో అంతస్తువాళ్ళు చెప్పుకునేది మాత్రం ఇది.

ఆ ఏడు చలికాలం చివర్లో, గ్రీసుని కమ్యూనిస్టుల నుంచి కాపాడే భారం ఇక మోయలేమని బ్రిటన్‌వాళ్ళు చేతులెత్తేశారు. ఇప్పుడేం చెయ్యాలని పెద్ద గదిలో సమావేశం పెట్టారు. బల్ల మీద బల్లంత మ్యాపు. ఒకవైపు జనరల్ స్ట్రౌడ్. ఆయన రష్యా పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తాడు, మాస్కో మీద బాంబు వేసి మాట్లాడదామంటాడు. ఇంకోవైపు ఒక ప్రొఫెసరు, ముందు మాట్లాడదాం, బాంబు సంగతి తరవాత చూద్దామంటాడు. ఇద్దరి మధ్యా ఆఫీసు పెద్ద డెలఫీల్డ్ తల పట్టుకుని కూర్చున్నాడు. టటిల్ గారు ఒక మూల, ఆయన వెనక అనువాదాల కట్టతో లీడియా.

జనరల్ గారు బల్ల గుద్దాడు. డెలఫీల్డ్ ముందున్న కాఫీ కప్పు బోర్లాపడింది. కాఫీ మాస్కో మీద పడి, దక్షిణంగా నల్ల సముద్రం దాటి, గ్రీసు వైపు బయల్దేరింది. ప్రొఫెసరు రుమాలు తీశాడు.

"ముట్టుకోకండి," అన్నారు టటిల్ గారు.

ఆ అంతస్తులో ఉన్న బ్లాటింగ్ పేపరంతా తెప్పించారు. గ్రీసు ముందు ఒక చుట్ట, టర్కీ ముందు ఒక చుట్ట, ఇరాన్ ముందు ఇంకొకటి పెట్టారు. జర్మనీ మధ్యలో ఒకటి నిలబెట్టారు. కాఫీ ఆగింది. జనరల్ గారి పిడికిలీ ఆగింది.

"టటిల్," అన్నాడు డెలఫీల్డ్, మ్యాపు మీంచి కళ్ళు తిప్పకుండా. "ఏమిటిది?"

"గట్టండి. తుడవకూడదు, వదలకూడదు. ఓపిగ్గా కూర్చుంటే అదే ఎండుతుంది."

గదిలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి సంతోషించారు. అలాంటి వింత ఆ గదిలో అంతకుముందు జరగలేదు. గట్టంటే ఫిరంగుల వరస అని జనరల్ గారికి అర్థమైంది. గట్టుంటే యుద్ధం అక్కర్లేదని ప్రొఫెసరుకి అర్థమైంది. ఏ ముక్కకి అర్థం చెప్పకుండా ఉపన్యాసం రాసెయ్యొచ్చని డెలఫీల్డ్‌కి అర్థమైంది. టటిల్ గారికి అర్థమైంది కాఫీ ఒక్కటే. ఆయన ఎండటం చూద్దామని కుర్చీ లాక్కుని కూర్చునేసరికి అందరూ లేచి వెళ్ళిపోయారు.

ఆ తరవాత ఆఫీసులో గట్టు తప్ప వేరే మాట లేదు. లిఫ్టులో గట్టు, క్యాంటీన్‌లో గట్టు. ఏడాది తిరక్కుండానే గట్టుకి ఒక విభాగం, ఆ విభాగానికి ఒక ఉపవిభాగం వచ్చాయి. టటిల్ గారు రాసిన నాలుగు పేజీల వివరణ కింది అంతస్తుకి వెళ్ళి నాలుగొందల పేజీలై తిరిగొచ్చింది. ఆయన రాసిన ఓపిక అన్న మాట తప్ప మిగతా మాటలన్నీ అందులో ఉన్నాయి.

"నేను చెప్పింది కాగితమండీ," అని వెళ్ళి మొత్తుకున్నారు. "ఇందులో ట్యాంకులేమిటి?"

"కాగితానికి ఎవడూ నిధులివ్వడు, టటిల్," అన్నాడు డెలఫీల్డ్.

"మరి ఎండేదాకా ఆగాలి కదా. గట్టు పెట్టినవాళ్ళే రోజుకో కప్పు ఒలకబోస్తే ఎప్పటికి ఎండుతుంది?"

ఈ ప్రశ్నకి డెలఫీల్డ్ గడియారం చూసుకున్నాడు. ఆ తరవాత ఎన్నేళ్ళకీ ఆ గదిలో ఎవరూ దానికి ఇంతకంటే మంచి జవాబు చెప్పలేదు.

బయటివాళ్ళని చూసి పుట్టిన భయం బయటే ఉండదు కదా. మాస్కోలో ఒలికింది మన కార్పెట్ మీదికి కూడా వచ్చిందేమో వెతకమని, ఉద్యోగుల విధేయత కనిపెట్టడానికి మనుషుల్ని వేశారు. మూడో అంతస్తుకి వచ్చినవాడి పేరు వెర్న్ గ్రిగ్స్. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గట్టి బూట్లు. అంతకుముందు యుద్ధపు రేషను రోజుల్లో దొంగ టైర్లు పట్టుకునేవాడట. టైర్లకి నోరుండదు కాబట్టి ఆ పనిలో రాణించాడు.

వచ్చిన రోజే లీడియా బల్ల ముందు కూర్చున్నాడు.

"నువ్వు రోజూ రష్యా పేపర్లు చదువుతావట."

"అదే నా ఉద్యోగమండీ."

"అంటే ఒప్పుకుంటున్నావు." రాసుకున్నాడు. "యుద్ధంలో రష్యావాళ్ళ సహాయ నిధికని పాటలు పాడావు."

"మా గ్రీకు కాథలిక్ చర్చి బృందమంతా పాడిందండీ. మేయరు గారు కూడా పాడారు. అప్పుడు వాళ్ళు మనవాళ్ళే కదా."

"మేయరు సంగతి మేయర్ల విభాగం చూసుకుంటుంది. ఆ గిన్నెలో ఏమిటి?"

"సూపండీ."

గ్రిగ్స్ మూత తీసి చూశాడు. అంత ఎర్రటి సూపు అతను జన్మలో చూసి ఉండడు. అదీ రాసుకున్నాడు.

ఆ రోజు లీడియా సూపు తాగలేదు. అవిధేయురాలని ముద్ర పడితే పోయేది ఈ ఉద్యోగం ఒక్కటే కాదు. ఏ ఆఫీసులోనూ టైపు కొట్టనివ్వరు, ఏ బడిలోనూ పాఠం చెప్పనివ్వరు. గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని కూతుర్ని చదివించిన నాన్న, ఊళ్ళో నలుగురి ముందూ తలెత్తుకోలేడు. ఇప్పుడు తన తరఫున గట్టిగా మాట్లాడగలిగింది టటిల్ గారు ఒక్కరే. ఆయన గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల్నుంచి గ్రిగ్స్ గొంతు వినిపించింది.

"ఈ అమ్మాయిని తీసేద్దామంటారా?"

"తీయకండి," అన్నారు టటిల్ గారు. "పాకుతుంది. గట్టు కడదాం."

లీడియా తాగని సూపు గిన్నెకి మూత పెట్టేసింది. మంచి పిల్ల అనలేదు. నాకు తెలుసు అనలేదు. గట్టు కడదాం అన్నారు.

మర్నాడు ఆయన అన్నంత పనీ చేశారు. లీడియా బల్లని తన గదిలోకి మార్పించి, తాను కూర్చునే మూలలోనే వేయించి, ముందువైపు ఇనప బీరువాలు వరసగా నిలబెట్టించారు. లోపలికి వెళ్ళాలంటే ఆయన బల్ల పక్కనుంచి ఒదిగి వెళ్ళాల్సిందే. ఆయన బల్ల కిటికీ దగ్గరికి పోయింది.

"నీకూ గట్టు కట్టేశాడటే," అంది బర్తా, బీరువా సందులోంచి తొంగిచూసి.

"నేనేమన్నా సూపునా, బర్తా?"

"సూపైతే ఈపాటికి ఎండేది. నువ్వేమో ఏడుస్తున్నావు. ఇంకో సంగతి విన్నావా, చలి ఇంకా ముదరనేలేదు, ఈ పొద్దుట్నుంచే ఆయన గదిలో మఫ్లరు చుట్టుకుని కూర్చుంటున్నాడు. ఇక ఏం పిచ్చి మిగిలిందో నాకు తెలీదు."

గ్రిగ్స్ మళ్ళీ వచ్చాడు, ఈసారి అమ్మాయిని నాలుగు ప్రశ్నలు గట్టిగా అడుగుదామని. టటిల్ గారు లేచి నిలబడి కుర్చీ వేశారు, కాఫీ తెప్పించారు.

"తప్పకుండా అడగండి. ప్రశ్నలు కాగితం మీద పెట్టారు కదా? సంతకాలయ్యాయా?"

"ఏం సంతకాలు?"

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఏ కాగితం కదలాలన్నా, దానితో సంబంధమున్న ప్రతి బల్ల దగ్గరా పొడి సంతకం పడాలి. మధ్యలో ఎవరైనా ఒక్క మాట మార్చారా, అంతకుముందు పడ్డవన్నీ చెల్లవు, మళ్ళీ మొదటి బల్లే. ఈ ఆచారం ధర్మమా అని ఒకసారి క్రిస్మస్ శుభాకాంక్షలు ఈస్టరుకి బయల్దేరాయి. ఆ ఆచారంలో టటిల్ గారంతటి పండితుడు ఇంకొకడు లేడు.

"ఇదిగో, గ్రీకు కాథలిక్ చర్చి అని రాశారు," అన్నారు కాగితం చూసి. "గ్రీసు వ్యవహారాలు చూసే బల్లవాళ్ళు చూడకపోతే రేపు నా మీదికొస్తారు."

పేరులో గ్రీకు తప్ప ఆ చర్చికీ గ్రీసుకీ ఏ చుట్టరికమూ లేదు. ఆ రోజుల్లో గ్రీసు బల్లంత తీరిక లేని బల్ల ప్రపంచంలో లేదు. వాళ్ళు ట్యాంకులతో గట్టు కట్టే పనిలో ఉన్నారు. గ్రిగ్స్ వాళ్ళ గుమ్మం ముందు బెంచీ మీద వారాల తరబడి కూర్చున్నాడు. చివరికి వాళ్ళు చర్చి అన్నది కొట్టేసి ప్రార్థనాలయం అని పెట్టి సంతకం చేశారు. మాట మారింది కాబట్టి మళ్ళీ మొదటి బల్ల. ఊరు పెన్సిల్వేనియాలో ఉంది కాబట్టి స్వదేశీ వ్యవహారాలవాళ్ళ సంతకం కావాలి. విదేశీ ఆఫీసులో స్వదేశీ బల్ల లేదు కాబట్టి, లేదని ఒకరు సంతకం చెయ్యాలి. బీట్‌రూట్ వ్యవసాయం కిందికొస్తుంది. పాటలు సంస్కృతి కిందికొస్తాయి.

గ్రిగ్స్ కాళ్ళరిగేలా తిరిగాడు. గట్టి బూట్లు మెత్తబడ్డాయి. వచ్చిన ప్రతిసారీ టటిల్ గారు అదే మర్యాదగా కుర్చీ వేసేవారు, కాఫీ ఇచ్చేవారు, కాగితం చదివి మెచ్చుకునేవారు, ఒక్క మాట మార్చేవారు.

బీరువాల వెనక లీడియాకి ఇదంతా ఎంత వినిపించినా తలకెక్కలేదు. ఆమెకి తెలిసిందల్లా తనొక మరకనని. నెలలు గడిచి ఫిబ్రవరి వచ్చింది. ఆ చలికి ఊరంతా గడ్డకట్టింది. ఇక చాలనుకుంది. ముద్ర పడేలోగా తనే మానేస్తే, నాన్నకి కనీసం ఆరోగ్యం బాగోలేక వచ్చేశానని చెప్పుకోవచ్చు. కోటు వేసుకుని, వెళ్ళి ఆయనతో చెప్పేద్దామని లేచింది. సరిగ్గా అప్పుడే గ్రిగ్స్ లోపలికి వచ్చాడు. లీడియా బీరువా వెనకే ఆగిపోయింది.

"టటిల్ గారూ," అన్నాడు గ్రిగ్స్, కుర్చీలో కూలబడి. "ఒక్క మాట నిజం చెప్పండి. ఈ సంతకాలు ఎప్పటికైనా పూర్తవుతాయా?"

"కావు," అన్నారు టటిల్ గారు, మర్యాదగా.

"ఆ అమ్మాయి చుట్టూ గట్టు కడదామని మీరేగా అన్నారు."

"గట్టు కడదామన్నాను. ఆ అమ్మాయి చుట్టూ అనలేదు. ఒలికింది ఆ అమ్మాయి అని మీకెవరు చెప్పారు?"

గ్రిగ్స్ బీరువాల వైపు చూశాడు.

"ఒలకబోసింది మీరండీ. శుభ్రమైన గదిలోకి వచ్చి ఒక అనుమానం ఒలకబోశారు. నేను కాదు కూడదని మీతో పోట్లాడాననుకోండి, అది తుడిచినట్టు. పై అంతస్తుకి పాకేది, పేపర్లకి పాకేది, వాళ్ళ నాన్నగారి ఊరికి పాకేది. అందుకని తుడవలేదు. దాని చుట్టూ బల్లలు పెట్టాను. ఇప్పుడు చూడండి, ఎండిందా లేదా?"

"ఎండింది. నేనూ ఎండాను," అన్నాడు గ్రిగ్స్.

లీడియా వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. వీపుకి వెచ్చగా తగిలింది. గదిని వేడి చేసే ఆవిరి గొట్టం ఆ మూలలోనే ఉంది. గది మొత్తానికి ఉన్నది అదొక్కటే. ఈ చలికాలమంతా తనకి ఒక్కరోజు కూడా చలి వెయ్యలేదని ఆమెకి అప్పుడు తట్టింది. బీరువా సందులోంచి చూస్తే, కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి టటిల్ గారి మఫ్లరు కొసలు ఊగుతున్నాయి.

ఆమె ఒదిగి బయటికి వచ్చింది. "మీరు నాకు ముందే చెప్పొచ్చు కదండీ. నాలుగు నెలలు ఏడ్చాను," అంది.

టటిల్ గారు పట్టుబడిన దొంగలా ముఖం పెట్టారు. "చెబితే మీరు బర్తాకి చెప్పేవారు. బర్తాకి గట్టు కట్టడం నా వల్ల అయ్యే పని కాదు."

"నేను విన్నాను," అంది బయట గదిలోంచి బర్తా.

"అయితే నేను సూపు కాదన్నమాట."

"సూపు ఇక్కడుంది," అని బల్ల మీది ఎర్ర మచ్చ చూపించారు ఆయన. ఏళ్ళు గడిచినా అది వెంట్రుకవాసి కదల్లేదు.

గ్రిగ్స్ మాత్రం ఇంకా లేవలేదు. "అసలు నేనొచ్చింది వేరే పని మీద," అన్నాడు నెమ్మదిగా. "మా ఆఫీసులో నా మీద విచారణ మొదలుపెట్టారు. నాలుగు నెలలుగా రోజూ రష్యా విభాగంలోనే ఉంటున్నానట. గ్రీసు బల్ల ముందు కూర్చుని చెవులు రిక్కించి విన్నానట. పైగా," అని గొంతు తగ్గించాడు, "ఇక్కడ కాఫీ తాగుతున్నానట. వాళ్ళు నా గురించి అడగడానికి రేపు మీ దగ్గరికే వస్తారు. మీరేం చెప్పినా చెప్పడానికి మీకు హక్కుంది. నాకు ఇద్దరు పిల్లలు."

లీడియా గ్రిగ్స్ వైపు చూసింది. నాలుగు నెలల క్రితం తన సూపు గిన్నె మూత తీసినవాడు ఇతనే. ఇప్పుడు టటిల్ గారిచ్చిన కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. అతన్ని చూసి సంతోషిద్దామని ఆమె మనస్ఫూర్తిగా ప్రయత్నించింది, కుదరలేదు.

టటిల్ గారు మఫ్లరు సర్దుకున్నారు. "బర్తా," అని కేకేశారు. "స్టోరులో ఇనప బీరువాలు ఇంకేమైనా మిగిలాయేమో కనుక్కో. రేపు వచ్చేవాళ్ళకి కుర్చీ కూడా ఒకటి వెయ్యి. సంతకాల సంగతి వాళ్ళకి మొదట్నుంచీ చెప్పాలి."

గ్రిగ్స్ ఆయన చెయ్యి పట్టుకుందామని ముందుకి వంగాడు. చెయ్యి అందలేదు, కప్పు మాత్రం బోర్లాపడింది. కాఫీ బల్ల మీద పరుచుకుని అంచు వైపు బయల్దేరింది. అతను కంగారుగా లేచి జేబులోంచి రుమాలు తీశాడు.

"ముట్టుకోకండి," అంది లీడియా.

కోటు విప్పి కుర్చీకి తగిలించి, సొరుగులోంచి బ్లాటింగ్ పేపరు తీసి, చింపి, చుట్టలు చుట్టి, చుట్టూ పెట్టింది. తరవాత గ్రిగ్స్ చేత ఒక బీరువా పక్కకి జరిపించి, ఆవిరి గొట్టం పక్కనున్న తన కుర్చీ దగ్గరికి ఇంకో రెండు కుర్చీలు లాగింది. ముగ్గురూ అక్కడ కూర్చుని, కాఫీ ఎండేదాకా చూశారు.